బస్సు కోసం కాదు

ఆ రోజు ఓస్మో చేయదలచుకున్న పనులు రెండే. ఒకటి, అందరికంటే ముందే సంఘం హాలుకు చేరి కాఫీ పెట్టడం. రెండు, కాఫీ తయారయ్యేలోపు తాయిమితో ఒక మాట చెప్పడం. మొదటి పని అతను ఏళ్ళ తరబడి చేస్తున్నదే. రెండో పనిని ఏళ్ళ తరబడి వాయిదా వేస్తున్నాడు.

పొద్దున వోట్స్ జావ తాగుతూ, ఎదురుగా ఉన్న ఉప్పు డబ్బాని తాయిమి అనుకుని ఆ మాట చెప్పి చూశాడు.

"తాయిమీ, నువ్వు ఉత్తరానికి వెళ్ళొద్దు."

ఉప్పు డబ్బా నవ్వలేదు, కోప్పడలేదు. ఆ మాత్రం ధైర్యం చాలనుకుని ఓస్మో రెండు జతల మేజోళ్ళు తొడుక్కుని, ఉన్ని టోపీ చెవులదాకా లాక్కుని బయటపడ్డాడు. బయట మీసం గడ్డకట్టే చలి.

హర్యుకోస్కి అనే ఆ ఊళ్ళో తెలివైన రవాణా సంఘానికి ఓస్మో కార్యదర్శి. తాయిమి అధ్యక్షురాలు. రోడ్లు వేసేవాళ్ళు, బస్సుల వేళలు చూసేవాళ్ళు, సిగ్నళ్ళ పని తెలిసినవాళ్ళు కలిసి పెట్టుకున్న సంఘం అది. వచ్చే అయిదేళ్ళకు సంఘం లక్ష్యాలేమిటో ఆ ఉదయం సమావేశంలో ఓటు వేసి తేల్చుకోవాలి. లక్ష్యాల చిత్తుప్రతి రాసింది ఓస్మోనే. దారి మీద ఏ మనిషీ ఊరికే నిలబడి ఉండకూడదన్నది మొదటిది. బస్సులూ సిగ్నళ్ళూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలన్నది రెండోది. మూడోదంటే ఓస్మోకి ప్రాణం: మనిషి నోరు తెరిచి అడిగే అవసరం లేకుండానే అతనికేం కావాలో దారి కనిపెట్టాలి.

నిన్న సాయంత్రం ఆ కాగితం చదివి తాయిమి కళ్ళజోడు తీసింది.

"నోరు తెరవకపోతే ఎట్లా తెలుస్తుంది ఓస్మో?" అని అడిగింది, అతని మొహంలోకే చూస్తూ.

కెమెరాతో తెలుస్తుందని ఓస్మో జవాబిచ్చాడు. కెమెరా ఎట్లా పనిచేస్తుందో కూడా వివరంగా చెప్పాడు. అంతా విని ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. ఉత్తరాన, ఎక్కడో సరిహద్దు దగ్గర, రహదారుల ఆఫీసులో తనకు పెద్ద ఉద్యోగం వచ్చిందనీ, రేపు మధ్యాహ్నానికల్లా జవాబు చెప్పాలనీ అంది.

"అక్కడ చలి ఎక్కువ," అన్నాడు ఓస్మో.

ఆవిడ ఇంకేదో వస్తుందని చూసింది.

"గాలి కూడా," అన్నాడు ఓస్మో.

ఇంటికెళ్ళి పడుకున్నాక ఆ రెండు మాటలూ గుర్తొచ్చి, దుప్పటి మొహం మీదకి లాక్కున్నాడు. తాయిమి లేని హాలునీ, తాయిమి లేని మంగళవారం సమావేశాలనీ ఊహించుకుంటూ తెల్లవార్లూ మేలుకునే ఉన్నాడు. అందుకే ఈ ఉదయం, ఈ ఉప్పు డబ్బా.

హాలుకు ఎదురుగా రోడ్డు. రోడ్డుకి ఇవతల ఓస్మో. మధ్యలో సంఘం నిన్ననే పెట్టించిన కొత్త సిగ్నల్. సమావేశానికి వచ్చే సభ్యులందరూ దాన్ని కళ్ళారా చూసి మురిసిపోవాలని ఓస్మో పట్టుబట్టి పెట్టించాడు. దానికి నొక్కడానికి బటన్ లేదు. పైన కెమెరా ఉంటుంది. ఎవరు రోడ్డు దాటదలిచారో, ఎవరు పక్కనున్న స్టాపులో బస్సు కోసం నిలబడ్డారో వాళ్ళు నిలబడిన తీరు బట్టి అదే కనిపెడుతుంది. పాత బటన్ ఉంచుదామని ఎవరో అంటే ఓస్మో ఒప్పుకోలేదు. బటన్ ఉంచితే కొత్త సిగ్నల్‌ని అనుమానించినట్టు ఉంటుందన్నాడు.

ఎర్ర లైటు వెలుగుతోంది. ఓస్మో నిలబడ్డాడు.

రోడ్డు మీద ఒక్క బండి లేదు. అటు చూస్తే మంచు, ఇటు చూస్తే మంచు. అయినా ఓస్మో కదల్లేదు. హర్యుకోస్కిలో ఎర్ర లైటు పడితే ఎవరూ దాటరు. అందులోనూ హాలు పక్కనే పిల్లల బడి ఉంది. దాని కిటికీకి ముక్కులు ఆనించి పిల్లలు రోడ్డే చూస్తున్నారు. వాళ్ళ ముందు రవాణా సంఘం కార్యదర్శి ఎర్ర లైటు దాటితే ఇంకేమైనా ఉందా! పోనీ వంతెన దాకా నడిచి అక్కడి దారిలో దాటి వద్దామంటే, తను పెట్టించిన సిగ్నల్‌ని తనే నమ్మనట్టవుతుంది. ఇదిగో ఇప్పుడు పడుతుంది, ఇదిగో ఇప్పుడు పడుతుంది అనుకుంటూ నిలబడ్డాడు.

కాసేపటికి సంఘం కోశాధికారి వైనో వచ్చాడు. ఓస్మోకి రెండు బారల దూరంలో ఆగాడు. అక్కడ మర్యాదస్తులు అంతకంటే దగ్గరగా నిలబడరు.

"పరీక్షిస్తున్నావా?" అన్నాడు వైనో.

కొత్త సిగ్నల్ మొరాయించిందని ఒప్పుకోవడానికి ఓస్మోకి నోరు రాలేదు. "ఊఁ," అన్నాడు.

"ఎంతసేపు పరీక్షిస్తావు?"

"చూడాలి."

పరీక్ష కదా అని వైనో కూడా అటెన్షన్‌లో నిలబడ్డాడు. తర్వాత వచ్చినవాళ్ళు వైనోని చూశారు. పరీక్షకు అడ్డం రాకూడదని అతని వెనక రెండు బారల దూరంలో నిలబడ్డారు. వాళ్ళ వెనక మరొకరు, ఆ వెనక ఇంకొకరు. చూస్తూ చూస్తూ ఉండగానే సంఘంలో సగం మంది ఫుట్‌పాత్ మీద, కొలతబద్ద పెట్టినట్టు సమానమైన ఎడంతో, చక్కని వరసలో చేరిపోయారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. అడగడం బాగుండదు కదా.

అటుగా పోతున్న ఐలి అనే పెద్దావిడ చేతికర్రతో వరస చివర ఆగింది. ఇంత చలిలో ఇంతమంది పెద్దమనుషులు ఇంత బుద్ధిగా వరసలో నిలబడ్డారంటే ఆవిడకు తెలిసిన కారణం ఒక్కటే. ఆ ఊళ్ళో కొత్త దుకాణం తెరిచిన రోజున ఊరికే ప్లాస్టిక్ బకెట్లు పంచుతారు. వాటి కోసం ఊరు ఊరంతా తెల్లవారకముందే వరస కడుతుంది.

"ఏ రంగువి నాయనా?" అంది ముందున్నాయనతో.

"ఏవండీ?"

"బకెట్లు."

"నాకు తెలీదండీ," అన్నాడాయన నిజాయితీగా.

తెలీదన్నాడే గానీ లేవనలేదని ఐలి పట్టేసుకుంది. చుట్టుపక్కల ఇళ్ళలో ఉన్న తన వాళ్ళకి కబురు పెట్టింది. ఇంకాసేపటికి వరస రొట్టెల దుకాణం మలుపు దాటింది. వాళ్ళలో కొందరు ముందు జాగ్రత్తగా చేతిసంచులు కూడా తెచ్చుకున్నారు.

అప్పుడు బస్సు వచ్చింది. ఆ వేళకి అక్కడికి బస్సు లేదు. అయినా వచ్చి ఆగింది, తలుపులు తెరిచింది. డ్రైవర్ తల బయటపెట్టాడు.

"ఎక్కండి! స్టాపులో జనం పేరుకుపోయారు, బయల్దేరమని సిగ్నల్ నుంచి కబురొచ్చింది."

"మేం బస్సు కోసం కాదండీ," అన్నాడు వైనో.

"ఇంతమంది స్టాపు పక్కన వరసలో నిలబడి బస్సు కోసం కాకపోతే మరి దేనికి?"

"రోడ్డు దాటడానికి."

డ్రైవర్ రోడ్డు వైపు చూశాడు. అటు చివరి నుంచి ఇటు చివరి దాకా ఖాళీ.

"దాటండి మరి!"

"రెడ్ ఉంది."

డ్రైవర్ సిగ్నల్ చూశాడు. అతనూ ఆ ఊరివాడే. "నిజమే," అన్నాడు.

బస్సు మాత్రం కదల్లేదు. జనం తగ్గేదాకా ఉండమని అతనికి ఆదేశం. పనిగట్టుకుని వచ్చిన మనిషిని ఉత్తచేతులతో పంపడం ఏం మర్యాదని సంఘం సభ్యులు ఇద్దరు మొహమాటపడి ఎక్కేశారు. బస్సు వాళ్ళని తీసుకుని వెళ్ళిపోయింది. వెనకే ఇంకో బస్సు వచ్చింది. మొహమాటం ఇంకో ముగ్గుర్ని ఎక్కించింది.

వైనో వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "ఓస్మో, ఇంకో బస్సొస్తే సమావేశానికి కోరం ఉండదు."

"నీ రెండో లక్ష్యం బ్రహ్మాండంగా నెరవేరిందయ్యా," అన్నారు వెనక నుంచి ఎవరో. "బస్సూ సిగ్నలూ ఒకటే కబుర్లు. మొదటిదాని సంగతేంటి? ఊరికే నిలబడకూడదన్నావుగా?"

"మూడోది ఇక్కడే కొట్టేద్దామా?" అన్నాడు వైనో, జేబులోంచి పెన్ను తీస్తూ. చలికి పెన్ను రాయలేదు. లేకపోతే అప్పుడే పోయేది.

ఓస్మో ఇవేవీ వినడం లేదు. అతను హాలు కిటికీ వైపు చూస్తున్నాడు. కిటికీలో తాయిమి నిలబడి ఉంది.

ఆవిడ ఇల్లు రోడ్డుకి అవతల, హాలు వైపే. పొద్దున్నే వచ్చి, ఓస్మో ఇంకా రాకపోతే తనే కాఫీ పెట్టేసింది. ఏలకుల బన్నులు కోసి పళ్ళెంలో పేర్చింది. కుర్చీలు వేసింది. తీరా బయటికి చూస్తే సంఘమంతా అవతలి గట్టున వరస కట్టి, కార్యదర్శిని ముందుంచుకుని, హాలు వైపు గుడ్లప్పగించి చూస్తోంది. ఒక్కరూ లోపలికి రావడం లేదు. పైగా కొందరు బస్సెక్కి పోతున్నారు. ఆవిడకు ఒక్కటే అర్థమైంది. నిన్న మూడో లక్ష్యానికి అడ్డుచెప్పినందుకు ఓస్మో అందర్నీ కూడగట్టి సమావేశాన్ని బహిష్కరించాడు. ఓస్మో అలిగాడు!

ఇన్నేళ్ళలో ఆ మనిషి అలగగా ఆవిడ చూడలేదు. కోటు తగిలించుకుని గబగబా బయటికొచ్చి హాలు ముందు గట్టున నిలబడింది. ఓస్మో జేబులో ఫోన్ మోగింది.

"ఏంటిది ఓస్మో? నామీద కోపముంటే నాతో చెప్పొచ్చుగా. ఊరినంతా వెంటేసుకు రావాలా?"

"కోపమా? నాకా? నీమీదా?"

"మరి రారేం?"

"రెడ్ ఉంది."

 రోడ్డుకి అవతల ఆవిడ తలెత్తి సిగ్నల్ చూడడం ఓస్మోకి కనిపించింది.

"ఎప్పట్నించి?"

"నేను వచ్చినప్పట్నించి."

"అదా సంగతి! హాల్లో సిగ్నల్ కెమెరాకి పెట్టిన తెర మీద మీరందరూ బస్సు కోసం నిలబడ్డవాళ్ళుగా కనబడ్డారయ్యా. ఆ సిగ్నల్‌కి చదువు చెప్పింది దక్షిణాది దేశంలో కదూ? అక్కడ దాటేవాళ్ళు ఒకర్నొకరు రాసుకుని గట్టు అంచున గుంపుగా నిలబడతారు. మీరేమో బారలు కొలుచుకుని నిలబడ్డారు. అందరూ దగ్గరగా జరగండి. ఆనుకుని నిలబడండి."

ఓస్మో వెనక్కి తిరిగి, గొంతు సవరించుకుని, "అందరూ కాస్త దగ్గరగా జరగాలి," అన్నాడు.

ఎవరూ కదల్లేదు. కొందరు బూట్ల వైపు చూసుకున్నారు.

"ఆనుకుని," అన్నాడు ఓస్మో, తనకే సిగ్గేసి.

వైనో పెద్ద మనసు చేసుకుని ఒక అడుగు ముందుకేశాడు. అతను మీదకొస్తున్నాడని ఓస్మో అప్రయత్నంగా ఒకడుగు పక్కకి జరిగాడు. వైనో వెనకావిడ అతని ఖాళీలోకి వచ్చింది. ఆవిడకి మరీ దగ్గరవుతానేమోనని ఆవిడ వెనకాయన చోటిస్తూ వెనక్కి తగ్గాడు. ఆ తగ్గడం వరస చివరి దాకా పాకింది. మొత్తం మీద వరస దగ్గరపడలేదు సరికదా, ఇంకాస్త పొడుగైంది. ఐలి మాత్రం ముందున్నాయన్ని కర్రతో పొడిచి, "జరగవయ్యా, బకెట్లు అయిపోతాయి," అంది. మూడో బస్సు మలుపు తిరుగుతోంది.

ఓస్మో మళ్ళీ ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఇలా ఫోన్‌లో, ఇంత దూరం నుంచి, మొహం సరిగా కనిపించకుండా చెప్పడమే తేలికేమో అనిపించింది. 

"తాయిమీ, వాళ్ళ సంగతి వదిలెయ్యి. నేను పొద్దున నీతో ఒక మాట చెప్పాలనుకున్నాను."

"చెప్పు."

"ఏంటంటే, నిన్న నువ్వు చెప్పావే, ఆ ఉద్యోగం—"

ఫోన్ చచ్చిపోయింది. ఆ చలికి ఏ ఫోనూ అంతసేపు బతకదు. ఓస్మో దాన్ని చంకలో పెట్టి వెచ్చజేశాడు, ఊదాడు, దులిపాడు. అది లేవలేదు. అవతల తాయిమి ఫోన్ ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని ఎదురుచూస్తోంది.

ఓస్మో జీవితంలో ఎప్పుడూ రోడ్డు మీద అరవలేదు. వాళ్ళ నాన్న అరవలేదు, తాత అరవలేదు. ఒకసారి వాళ్ళ ఇల్లు అంటుకున్నప్పుడు కూడా తాత పక్కింటికి నడిచివెళ్ళి, తలుపు తట్టి, నెమ్మదిగా చెప్పాడట. అలాంటి వంశంలో పుట్టినవాడు ఫోన్ జేబులో పెట్టి, రెండు చేతులూ నోటి పక్కన ఆనించుకున్నాడు.

"తాయిమీ! ఉత్తరానికి వెళ్ళొద్దు!"

వరస మొత్తం బిగుసుకుపోయింది. మూడో బస్సు డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు.

"ఎందుకు?" అని అవతల నుంచి వచ్చింది తాయిమి గొంతు.

ఓస్మో తడబడ్డాడు. ఉప్పు డబ్బా ఎందుకని అడగలేదు. ఈ ప్రశ్నకు అతను సిద్ధపడి రాలేదు. చలి గురించి చెబుదామా అనుకున్నాడు. గాలి గురించి చెబుదామా అనుకున్నాడు. పక్కకి చూస్తే వైనో మొహం తిప్పుకుని, విననట్టు ఆకాశం చూస్తున్నాడు. అతనికి తెలిసిన మర్యాద అది.

"నువ్వు లేకపోతే నాకు తోచదు!" అని అరిచాడు ఓస్మో.  "ఎక్కడా తోచదు!"

తాయిమి ఫోన్ కోటు జేబులో వేసుకుంది. ఎడమవైపు చూసింది, కుడివైపు చూసింది. మళ్ళీ ఎడమవైపు చూసింది. తర్వాత, సంఘం అధ్యక్షురాలు, ఆ ఊరి పిల్లలందరికీ ఎర్ర లైటు పాఠం చెప్పిన మనిషి, ఎర్ర లైటు వెలుగుతుండగానే రోడ్డు మీద కాలు పెట్టింది.

వరసలోంచి హమ్మో అన్న శబ్దం వచ్చింది. పిల్లల బడి కిటికీ తెరుచుకుంది.

"తాయిమీ! పిల్లలు చూస్తున్నారు!" అని కేకేసింది పంతులమ్మ సినిక్కా.

"అటు తిప్పు సినిక్కా!"

"పిల్లలూ, అందరూ గోడవైపు తిరగండి!" అంది సినిక్కా. పిల్లలు తిరిగారు. తను మాత్రం కళ్ళప్పగించి చూస్తూనే ఉంది.

తాయిమి మంచు మీద జారకుండా, తొందరపడకుండా నడిచి ఇవతలి గట్టెక్కింది. నేరుగా వచ్చి ఓస్మో ముందు నిలబడింది. రెండు బారల దూరంలో కాదు. అతని కోటు బొత్తాలకి ఆవిడ కోటు బొత్తాలు తగిలేటంత దగ్గరగా. ఓస్మో పక్కకి జరగలేదు.

"ఆ ఉద్యోగానికి రానని పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేశానయ్యా వాళ్ళకి," అంది.

ఓస్మో టోపీ చెవుల మీంచి పైకి నెట్టాడు. "మరి... అవతల నుంచి ఆ మాట చెప్పొచ్చుగా?"

"నువ్వు అడగందే ఎందుకు చెప్పాలి? నిన్న సాయంత్రమంతా చూశాను, అడుగుతావేమోనని. చలి అన్నావు, గాలి అన్నావు. ఈ మనిషి ఇంక అడగడని తేలిపోయాక పొద్దున లేచి చూసుకుంటే, నాకే వెళ్ళబుద్ధి కాలేదు." ఆవిడ కళ్ళజోడు మీద ఆవిరి కమ్మింది, తుడుచుకోలేదు. "ఇప్పుడు ఊరందరి ముందూ అరిచావు కదా. ఏదీ, ఆ చివరి ముక్క మళ్ళీ చెప్పు. అవతలికి సరిగ్గా వినబడలేదు."

వినబడిందని ఇద్దరికీ తెలుసు. ఓస్మో చెప్పాడు. ఈసారి నెమ్మదిగా, ఆవిడకి మాత్రమే వినబడేట్టు. వైనో ఇంకా ఆకాశమే చూస్తున్నాడు. అతని ముక్కు ఎర్రబడింది, చలికే అని తర్వాత చెప్పుకున్నాడు.

అప్పుడు సిగ్నల్ చిన్నగా టిక్కుమంది. గట్టు అంచున ఒకర్నొకరు ఆనుకుని నిలబడ్డ ఇద్దరు మనుషులు దానికి కనిపించారు. వాళ్ళు రోడ్డు దాటదలిచారని అనుకుంది. పచ్చ లైటు వేసింది.

"పడింది!" అని అరిచింది ఐలి, అందరికంటే ముందు కర్ర టకటకలాడించుకుంటూ దిగుతూ. సంఘమంతా ఆవిడ వెనక దాటింది. సంచులు పట్టుకున్నవాళ్ళు దాటారు. రొట్టెల దుకాణం మలుపు వెనక ఉన్నవాళ్ళు పరుగున వచ్చి దాటారు. పచ్చ లైటు పోలేదు. దానికి ఆ ఇద్దరూ ఇంకా గట్టు మీదే కనిపిస్తున్నారు, వాళ్ళు దాటేదాకా ఆగుదామనుకుంది పాపం. ఆ ఇద్దరేమో కదిలే ఆలోచనలో లేరు. బస్సెక్కిన అయిదుగురూ వంతెన చుట్టి వచ్చి సరిగ్గా హాలు గుమ్మం ముందే దిగారు. అప్పటికే బన్నులు సగం ఐలి జనం చేతిలో ఉన్నాయి. బకెట్లు లేవని తెలిసినా ఎవరూ పెద్దగా బాధపడలేదు.

ఇటువైపు కార్లు ఆగి ఆగి కొండ దాకా పేరుకున్నాయి. ఒక్కరూ హారన్ కొట్టలేదు.

హాల్లో కోరం సరిపోయింది. వైనో అధ్యక్షురాలి కుర్చీలో కూర్చుని సమావేశం నడిపించాడు, లక్ష్యాల మీద ఓట్లు పడ్డాయి. మినిట్సులో హాజరు రాయాల్సి వచ్చినప్పుడు అతను పెన్ను పట్టుకుని కాసేపు కిటికీలోంచి చూశాడు. అధ్యక్షురాలు, కార్యదర్శి పేర్లకి ఎదురుగా "దారిలో ఉన్నారు" అని రాసి, తర్వాతి అంశానికి వెళ్ళాడు.